ముద్దు చేసిన గిత్తే మీదికొచ్చింది

ఒంగోలు: సంక్రాంతి వెళ్లిన వారానికి, పొద్దు వాలేవేళ, మా నాన్న తవుడు కలిపిన కుడితి బకెట్టు పట్టుకుని కొట్టంలోకి వెళ్లాడు. ఆయన వయస్సు అప్పటికి 68 ఏళ్లు. కొట్టంలో ఉన్నది ఆయన చేతుల మీద పెరిగిన గిత్త. పేరు బుజ్జిగాడు. పుట్టిన తొమ్మిదో రోజున తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి, చలికి గోనెపట్టా కప్పి, వసారాలో తన మంచం కోడుకు కట్టేసుకుని పెంచాడు. ఆ ఏడే అది రెండు పళ్లు వేసింది.

బకెట్టు కింద పెట్టేలోగానే బుజ్జిగాడు తల వంచి నాన్నను గాడి గోడకు అదిమాడు. రంకె వేయలేదు, కొమ్ము విసరలేదు. నుదుటితో ఒత్తిపట్టి అలాగే నిలబడ్డాడు. మా ఆవిడ కేక విని నేను పరుగెత్తుకెళ్లి ముక్కుతాడు దొరకబుచ్చుకుని లాగేసరికి నాన్నకు నోట మాట లేదు. రెండు పక్కటెముకలు విరిగాయి. నెలన్నర మంచం దిగలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆయన అన్న మాట ఇది: "వాడు పగబట్టి చేసింది కాదురా. చిన్నప్పుడు రోజూ ఆడిన ఆటే ఆడాడు. అప్పుడు 30 కిలోలు, ఇప్పుడు 350 కిలోలు. ఆట మాత్రం అదే."

ఆ ఆట నేర్పింది మేమే. మా చిన్నవాడికి అప్పుడు మూడేళ్లు. దూడ నుదుటికి తన నుదురు ఆనించి తోస్తుంటే, దూడ ఎదురు తోస్తుంటే, వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి నవ్వేవాళ్లు. మేమూ మురిసిపోయేవాళ్లం. నాన్న పక్కటెముకలు విరిగిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం నాన్న నొప్పి ఒక్కటే కాదు. ఆ సాయంత్రం బకెట్టు వెంట కొట్టంలోకి వెళ్లవలసినవాడు మా పిల్లవాడై ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన.

ఈ సంగతి ఇంటి గుట్టుగా దాచుకోకుండా రాయడానికి కారణం ఉంది. మన జిల్లాలో గిత్తను బిడ్డలా పెంచే ఇల్లు ఊరికి ఒకటైనా కనిపిస్తుంది. పొగరుబోతు గిత్త దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. దెబ్బ తినేది ఎక్కువగా ముద్దుల గిత్త దగ్గరే.

సాధువన్న పేరు

గుండ్లకమ్మ, మూసీ నదుల నడుమ రేగడి నేలల్లో వర్ధిల్లిన ఒంగోలు జాతికి పేరు రావడానికి మూపురం, గంగడోలు, తెల్లని మేనితోపాటు దాని సాధుస్వభావం కూడా ఒక కారణం. ఈ జాతే సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో స్థిరపడింది. మన కరవది ఊరిపేరు మోసుకుంటూ 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన గిత్త సంతతి నేటికీ ఆ దేశపు మందల్లో ఉంది. పెరిగిన ఒంగోలు ఆంబోతు 500 కిలోలు దాటుతుంది. అంతటి జీవాన్ని సన్నటి ముక్కుతాడుతో ఒక్క మనిషి నడిపించుకుపోవడం మనకు చిన్నప్పటి నుంచి కళ్ల ముందున్న దృశ్యం. అందుకే మనకు దాని పక్కన భయం ఉండదు. ఉండవలసినంత కూడా ఉండదు.

సాధువుగా ఉండే గిత్త మనిషిని చూస్తే దారి ఇస్తుంది. చెయ్యి ఎత్తితే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. చనువు ముదిరిన గిత్త దారి ఇవ్వదు. మనమే చుట్టూ తిరిగి పోతాం. మా బుజ్జిగాడు దారికి అడ్డంగా నిలబడితే, "పాపం, ముద్దు చేయించుకోవాలని నిలబడ్డాడు" అని మా అమ్మ వాడి మెడ గోకి పక్కనుంచి వెళ్లేది. ఆ రోజుల్లో మాకు తెలియలేదు గాని, అక్కడ పక్కకు జరిగింది ఎవరు, జరగనిది ఎవరు అనే లెక్క గిత్త బుర్రలో నమోదవుతూనే ఉంది. చనువిస్తే చంకెక్కినట్లు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఎందుకిలా జరుగుతుంది?

మందలో పెరిగే దూడకు బడి ఆ మందే. పెద్ద ఆవు మేస్తుంటే దూడ మూతి పెడితే, ఆవు తల ఒక్కసారి విసురుతుంది. దూడ వెనక్కి గెంతుతుంది. మరోసారి అటు పోయేముందు ఆగి చూస్తుంది. ఎవరు ముందు నీళ్లు తాగాలి, ఎవరికి ఎంత దూరంలో నిలబడాలి అన్నది ఇలా నెలల తరబడి నేర్చుకుంటుంది. తోటి కోడెదూడలతో తలలు ఢీకొట్టుకుంటుంది. తన జాతి ఏదో, తన ఈడు వాళ్లు ఎవరో దానికి తెలుస్తుంది. మనిషి వేరే జీవం అని కూడా తెలుస్తుంది. కొత్త మనిషి దగ్గరికొస్తే పశువు కొంత దూరంలో ఉండగానే పక్కకు తప్పుకుంటుంది చూడండి, ఆ దూరమే మనిషికి రక్ష.

తల్లి లేక ఒంటరిగా మంచంకోడుకు కట్టి పెరిగిన దూడకు ఈ బడి లేదు. అది చూసిన ముఖాలన్నీ మన ముఖాలే. కాబట్టి తాను మనలో ఒకడినని అనుకుంటుంది. పెయ్యదూడ అయితే అంతటితో సరి, పెద్దయ్యాక కాస్త మొండిగా ఉంటుందేమో. కోడెదూడ సంగతి వేరు. ఈడు వచ్చాక మందలో తన స్థానం ఏదో తేల్చుకోవాలనే తహతహ దానికి పుట్టుకతో వస్తుంది. తోటి గిత్తలతో తేల్చుకోవలసింది మనతో తేల్చుకోవడానికి వస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ల దాకా ముద్దుగా ఉన్నది ఉన్నట్టుండి మారిపోయిందని అందరూ చెప్పేది ఇందుకే. మారింది దాని ఈడు. అలవాటు పాతదే.

ఇది మన ఊరి అనుభవం మాత్రమే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో హియర్‌ఫర్డ్ జాతి కోడెదూడల మీద జరిగిన పరిశీలన ఒకటి 1990లో అచ్చయింది. చేతి మీద పాలు పట్టిన దూడల్లో, ఒక్కొక్కటిగా విడిగా ఉంచి పెంచినవి పెద్దయ్యాక మనుషులను బెదిరించడం ఎక్కువని అందులో తేల్చారు. అంటే దోషం సీసా పాలది కాదు, ఒంటరితనానిది. తల్లి లేని దూడను సాకవలసి వచ్చిన రైతు గుర్తు పెట్టుకోవలసిన విషయం ఇదే.

పొడిచే ముందు చెబుతుంది

గిత్త చెప్పకుండా పొడిచిందని అంటారు గాని, చాలాసార్లు అది చెబుతూనే ఉంటుంది. మనకే ఆ భాష రాదు.

బెదిరించే గిత్త మనకు ఎదురుగా నిలబడదు. పక్కకు తిరిగి అడ్డంగా నిలబడుతుంది. తన ఒళ్లు ఎంత పెద్దదో చూపించడానికన్నమాట. వీపు విల్లులా పైకి లేస్తుంది. తల దించి గడ్డం లోపలికి లాక్కుంటుంది. కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్లు కనిపిస్తాయి. ముందుకాలితో నేల దువ్వి మట్టి వీపు మీదికి చల్లుకోవడం, కొమ్ములతో గట్టును పొడవడం, గొంతులోంచి సన్నగా మూలుగు వంటి శబ్దం చేయడం కూడా ఉంటాయి. ఈ అడ్డం నిలబడటాన్నే చాలామంది పొరపాటు పడతారు. "అటు తిరిగి నిలబడింది, మనల్ని పట్టించుకోవడం లేదు" అనుకుని దగ్గరికి వెళతారు.

ముద్దుల గిత్తలో వీటికంటే ముందే చిన్న గుర్తులు కనిపిస్తాయి. వెనకాలే నడిచి వచ్చి వీపు మీద మూతి పెట్టడం, బకెట్టును తలతో తోయడం, రొమ్ముకు నుదురు రుద్దడం, తోస్తే జరగక ఎదురు ఒత్తడం. మా ఇంట్లో ఇవన్నీ ఆరు నెలలుగా జరుగుతున్నాయి. మేం వీటిని ప్రేమ అనుకున్నాం. ప్రేమ కాదని నేననను. కాని దానిలో ఒక ప్రశ్న కూడా ఉంది. "నువ్వు జరుగుతావా, నేను జరగాలా?"

గిత్త అలా బెదిరించినప్పుడు వెన్ను చూపి పరుగెత్తకూడదు. కేకలు వేస్తూ మీదికి పోకూడదు. దాన్ని చూస్తూనే, ఏటవాలుగా, నెమ్మదిగా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి కంచెకో గోడకో అవతల పడాలి. మరీ మీదికి వస్తుంటే భుజం మీది తుండుగుడ్డను ఒక పక్కకు విసిరితే కొన్నిసార్లు దాని చూపు అటు మళ్లుతుంది. పశువుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ కనిపిస్తుంది గాని సరిగ్గా తోక వెనుక ఉన్నది కనిపించదు, మూతికి ఆనుకుని ముందున్నది కూడా సరిగా కనిపించదు. అందువల్ల వెనుక నుంచి చప్పుడు లేకుండా పోవడం, ముఖం ముందు హఠాత్తుగా చెయ్యి ఆడించడం రెండూ తప్పే. మాట్లాడుతూ, భుజం పక్కగా వెళ్లాలి.

మేం చేసిన పని

నాన్న మంచాన ఉండగా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అమ్మెయ్యమన్నారు బంధువులు. ముక్కుతాడు బిగించి నాలుగు తగిలించమన్నారు ఇరుగుపొరుగు. దేవుడికి అచ్చోసి వదిలెయ్యమంది మా అత్తగారు. ఈ మూడో సలహా నాకు అసలు నచ్చలేదు. మన కొట్టంలో ఆపలేని గిత్తను ఊరి బజారుకు వదిలితే దెబ్బ తినేది ఎవరో ముక్కూ మొగమూ తెలియని ముసలమ్మో, బడికి పోయే పిల్లో అవుతారు.

నాలుగు తగిలించడం నేను చేసి చూశాను. దాచుకోవడం ఎందుకు? మర్నాడే కోపం ఆపుకోలేక ములుగర్రతో మూతి మీద కొట్టాను. బుజ్జిగాడు తల విదిలించి, ఇంకాస్త ముందుకు వచ్చాడు. ముఖం మీద కొడితే గిత్తకు అర్థమయ్యేది ఒక్కటే. వీడు తలతో తేల్చుకోవడానికి వచ్చాడని. అలా మొదలైన పోట్లాటలో మనిషి గెలిచేది లేదు.

దారి చూపించింది మా ఊళ్లోనే 40 ఏళ్లుగా గిత్తలను సాకుతున్న ఒక పెద్దాయన. వరసకు నాకు మామయ్య అవుతాడు. వచ్చి కొట్టం అంతా ఒకసారి చూసి, గిత్త జోలికే పోకుండా, "ముందు గాడి మార్చు అల్లుడూ" అన్నాడు. మా గాడి కొట్టం లోపలి గోడకు ఉంది. మేత వెయ్యాలంటే గిత్త ముందు నుంచి లోపలికి పోవలసిందే. పడమటి పక్కన గోడ పడగొట్టి, అడ్డంగా సరుగుడు దుంగలు కట్టి, గాడిని దుంగల దగ్గరికి తెచ్చాం. మేత, కుడితి, నీళ్లు అన్నీ బయట నుంచే. రెండు రోజుల పని, నాలుగు దుంగలు, కాస్త సిమెంటు. ఈ పని మూడేళ్ల కిందటే చేసి ఉంటే నాన్న ఎముకలు విరిగేవి కావు.

రెండో పని, ఇంట్లో అందరికీ ఒకే కట్టుబాటు. ఎవరూ నుదురు ముట్టుకోకూడదు. ఎవరూ చేతి నుంచి బెల్లం గాని, అరటిపండు గాని పెట్టకూడదు. ఏది పెట్టినా గాడిలోనే. వీటన్నింటిలోకీ కష్టమైనది మా అమ్మను ఒప్పించడం. నలుగురు నేర్పింది ఒక్కరు చెడిపితే చాలు, గిత్తకు ఆ ఒక్కరే గుర్తుంటారు.

మూడోది అసలు నేర్పు. ఉదయం, సాయంత్రం మేతవేళ పది నిమిషాలు. అంతకు మించి లేదు. నేను దుంగల బయట నిలబడతాను, చేతిలో నాలుగు మూరల వెదురు కర్ర. అది కొట్టడానికి కాదు, నా చెయ్యిని అంత పొడవు చేసుకోవడానికి. బుజ్జిగాడు గాడి మీదికి వచ్చి తల పెడితే "వెనక్కి" అని ఒకే మాట, ఒకే గొంతుతో అని, కర్ర కొసను వాడి రొమ్ముకు ఆనించి ఒత్తుతాను. వాడు ఎదురు ఒత్తుతాడు. నేను తీయను, గట్టిగా పొడవనూ పొడవను. ఎంతకో విసుగు పుట్టి ఒక కాలు వెనక్కి వేస్తాడు. వేసిన తక్షణం కర్ర తీసెయ్యాలి. కిటుకంతా ఆ తక్షణంలోనే ఉందని మామయ్య వందసార్లు చెప్పి ఉంటాడు. కాలు వెనక్కి వేశాక కూడా ఒత్తుతూనే ఉంటే, తాను చేసింది సరైనదో కాదో దానికి ఎలా తెలుస్తుంది? వెనక్కి వేసి నిలబడ్డాకే గాడిలో మేత పడుతుంది.

మొదటి రోజు ఒక అడుగుకు ఏడెనిమిది నిమిషాలు పట్టింది. నా చేతులు వణికాయి. పదో రోజుకు కర్ర ఆనీఆనకముందే జరిగాడు. నెల తిరిగేసరికి మాటకే రెండడుగులు వెనక్కి వేసి నిలబడటం మొదలైంది. మధ్యలో ఒక వారం అంతా మళ్లీ మొదటికి వచ్చింది. ఎదురింటి ఆవు ఎదకు వచ్చిన వారం అది. ఎద వాసన తగిలినప్పుడు గిత్తకు పాఠం చెప్పడానికి పోకూడదని అప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో మేత వేసి ఊరుకోవడం మంచిది.

దుంగల అవతలి నుంచి కుదిరాక గాని లోపలికి పోలేదు. పోయినప్పుడు కూడా ఒక్కణ్ణి పోలేదు. ముక్కుతాడుకు రెండు పక్కలా రెండు తాళ్లు, రెండో తాడు మామయ్య చేతిలో. ఇద్దరం చెరో పక్క. ఒకరి మీదికి వస్తే రెండోవాడు అటు లాగుతాడు. నడక, ఆగడం, వెనక్కి. అంతే. కట్టెయ్యడం మాత్రం ఎప్పుడూ మెడ పలుపుతోనే. ముక్కుతాడును గుంజకు కట్టి వదిలేస్తే, బెదిరిన గిత్త గుంజుకుంటే ముక్కు చీరుకుపోతుంది. ముక్కు చీరిన గిత్తను నడిపించే మార్గం ఇక ఉండదు.

ముద్దు పూర్తిగా మానెయ్యాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఒళ్లు రుద్దడం పశువుకు మేలు, పనికి లొంగడానికి కూడా మంచిదే. ఎక్కడ రుద్దుతున్నామన్నదే లెక్క. నుదురు, కొమ్ముల నడుమ గోకితే దాని తల ముందుకు ఒత్తడానికి సిద్ధమవుతుంది. తలతో తలపడే చోటు అది. గంగడోలు, మెడ కింద, మూపురం పక్కన, తోక మొదట రుద్దితే తల చాచి కళ్లు మూసుకుని నిలబడుతుంది. రుద్దడం మొదలుపెట్టేది, ఆపేది మనమై ఉండాలి. అది వచ్చి తోస్తే రుద్దకూడదు, కదలకుండా నిలబడితే రుద్దాలి. గంగిరెద్దుల వారిని చూడండి. వాళ్ల ఎద్దు బొంతలు కప్పుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. అయినా అది తల ఊపేదీ మోకరిల్లేదీ ఆడించేవాడు అడిగినప్పుడే.

అన్ని గిత్తలకూ ఇది చెల్లదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా బుజ్జిగాడు తోశాడు, అదిమాడు. పరుగెత్తి వచ్చి కుమ్మలేదు. పడిపోయిన మనిషిని కొమ్ములతో వెతకలేదు. కావాలని మనిషి మీదికి ఉరికిన గిత్తను, పడినవాణ్ణి మళ్లీ పొడిచిన గిత్తను ఈ కర్రతో, ఈ మాటతో దారికి తెద్దామని ఎవరూ ప్రయత్నించవద్దు. ఒకసారి గెలిచానని తెలిసిన గిత్త మళ్లీ చేస్తుంది. దాని వెనుక పౌరుషానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏ ఇంటికీ మంచిది కాదు. పశువైద్యుణ్ణి పిలిపించి దాన్ని ఏం చేయాలో తేల్చుకోవాలి. అమ్మితే కొనేవాడికి ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్మాలి. కొనేవాడి ఇంట్లోనూ పిల్లలుంటారు. "బాగా సాధువు, పిల్లలతో ఆడుతుంది" అని సంతలో చెప్పే మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది.

వృషణాలు నొక్కించడం గురించి కూడా అపోహ ఉంది. పెద్దయ్యాక నొక్కిస్తే కోపం తగ్గేమాట నిజమే. కాని మనిషిని తోసే అలవాటు అప్పటికే కుదిరి ఉంటే, అది నొక్కించినంత మాత్రాన పోదు. తల్లి లేని కోడెదూడను విత్తనానికి ఉంచే ఉద్దేశం లేనప్పుడు, ఆ ఈడు రాకముందే పశువైద్యుడి చేత, నొప్పి తెలియకుండా మందు ఇప్పించి చేయించడం ఉత్తమం. అసలు ఇంటి ఆవులకోసం గిత్తను ఉంచుకోవలసిన అవసరం ఈనాడు చాలామందికి లేదు. మేలుజాతి ఒంగోలు ఆంబోతుల వీర్యంతో కృత్రిమ గర్భధారణ సూది పల్లెల్లో కూడా దొరుకుతోంది. మా నాన్న బుజ్జిగాణ్ణి ఉంచుకున్నది విత్తనం కోసం కాదు, మమకారం కొద్దీ.

ఇక దూడ చిన్నదిగా ఉండగానే మేల్కొన్నవారి పని తేలిక. తల్లి లేని దూడకు రెండో ఆవు పాలు అలవాటు చేయగలిగితే అంతకు మించింది లేదు. కాకపోతే మరో దూడతో జత చేయాలి, పొరుగువారి దూడ అయినా సరే. సీసా త్వరగా మాన్పించి గిన్నెలో తాగడం అలవాటు చేయాలి. గడ్డి కొరకడం మొదలుపెట్టగానే పెద్ద ఆవుల మధ్యకు తోలాలి. అవి తల విసిరితే అయ్యో అని పరుగెత్తి అడ్డం పోకూడదు. మూడు నాలుగు నెలలకే పలుపు పట్టి నడిపించడం, ఆగడం, వెనక్కి వేయడం నేర్పితే 50 కిలోల దూడతో అది ఆటలా సాగిపోతుంది. మూడేళ్ల తర్వాత మేము దుంగల బయట నిలబడి పడిన యాతన ఉండదు. పిల్లలు దూడతో తలలు ఢీకొట్టే ఆట మాత్రం ఒక్కరోజు కూడా సాగనివ్వవద్దు. చూడ ముచ్చటగానే ఉంటుంది. మాకూ అలాగే ఉండేది.

బుజ్జిగాడు ఇంకా మా కొట్టంలోనే ఉన్నాడు. దుంగలు తీయలేదు, తీసే ఉద్దేశం లేదు. మా పిల్లవాడికి దుంగల లోపలికి ప్రవేశం లేదు. వాడు వెదురు కర్ర పొడవున నేల మీద గీత గీసుకుని, గీత ఇవతల నిలబడి కబుర్లు చెబుతుంటాడు. ఒంటరిగా లోపలికి పోయే హక్కు నాకూ లేదు.

నాన్న మంచం దిగి మొదటిసారి కొట్టం దాకా నడిచి వచ్చిన సాయంత్రం మేమంతా వెనకాలే వెళ్లాం. ఆయన దుంగల దగ్గర ఆగి, "బుజ్జీ, వెనక్కి" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. బుజ్జిగాడు చెవులు రిక్కించి చూశాడు. కాసేపటికి ఒక అడుగు, మరో అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. నాన్న చిట్టు గాడిలో పోశాడు. వాడు ముందుకొచ్చి తింటుంటే, పాత అలవాటు కొద్దీ ఆయన చెయ్యి దుంగల సందులోంచి వాడి నుదుటి దాకా పోయింది. అక్కడ ఆగి, కిందికి దిగి, గంగడోలు మీద ఆనింది.